సీసాలో దొరకని మందు

పెద్దాపురం, గండేపల్లి, జగ్గంపేట, రంగంపేట మెట్టల్లో కర్రపెండలం వేసేవాళ్ళు పట్టించుకోవలసిన కబురు ఒకటి దక్షిణాది నుంచి వచ్చింది. 2020లో కేరళలో, త్రిశ్శూరు దగ్గర, కర్రపెండలం పిండినల్లి మన దేశంలో మొదటిసారి కనబడింది. చూస్తుండగానే తమిళనాడులోకి దిగి సేలం, నామక్కల్ వైపు చేలను పట్టింది. ఈ పురుగు చేరిన మొక్కకి కొసలు ముడుచుకుపోయి ఆకులన్నీ గుత్తిలా ఒకచోట చేరతాయి. కణుపులు దగ్గరపడి కర్ర వంకరపోతుంది. పైన ఆకు లేకపోతే కింద దుంప ఊరదు. దుంప లేకపోతే సగ్గుబియ్యం మిల్లుకి తోలేదేమీ ఉండదు.

దీనికి విరుగుడుగా ఒక విదేశీ బదనికను, అంటే పిండినల్లి ఒంట్లో పెరిగి దాన్ని చంపే చిన్న పురుగును, తెచ్చి వదలడం మంచిదా కాదా అని ఇద్దరు వియ్యంకులు కొల్లేటికోటలో, పెద్దింట్లమ్మ జాతర రోజుల్లో, గట్టిగా వాదించుకున్నారు. ఒకరిది మెట్ట ఊరు, ఆయన కర్రపెండలం రైతు. రెండో ఆయనది కొల్లేటి లంక, చేపలు పట్టీ చెరువులు చేసీ తలపండిన మనిషి. పేర్లు అక్కర్లేదు, మెట్ట బావ, లంక బావ అంటే చాలు. ఇద్దరి దగ్గరా బలమైన మాటలున్నాయి కాబట్టి వాదన పూర్తిగా ఇస్తున్నాను. నా మాట అవసరమైనచోట చెబుతాను.

లంక బావ: మీరెన్నయినా చెప్పండి బావగారూ, బయటి జీవాన్ని తెచ్చి మన నేలమీద వదలడమంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ కొల్లేట్లో మా తాత కొరమేనులు పట్టాడు, మార్పులు పట్టాడు, ఇంగిలాయిలు పట్టాడు. తర్వాత ఎవరో ఆఫ్రికా క్యాట్‌ఫిష్ తెచ్చారు. తొందరగా పెరుగుతుందన్నారు, కోళ్ళ వ్యర్థాలేసినా తింటుందన్నారు. 2000లోనే దాన్ని పెంచకూడదని కేంద్రం నిషేధించింది. ఆగిందా? వరదొస్తే గట్టు దాటేస్తుంది. పిల్లనీ వదలదు, గుడ్డునీ వదలదు. గుర్రపుడెక్క సంగతి చెప్పనే అక్కర్లేదు. పువ్వు బాగుందని ఎవరో పెంచారట, ఇవాళ పడవ కదలనివ్వదు. ఇన్ని చూశాక కూడా ఇంకో పరాయి పురుగుని తెద్దామంటే ఎలా వింటాను?

మెట్ట బావ: పరాయి పురుగు వచ్చేసింది కదండీ, ఎవరూ పిలవకుండానే. పిండినల్లిది దక్షిణ అమెరికా. ఆ మాటకొస్తే కర్రపెండలానిదీ అక్కడే. మొక్క ముందొచ్చింది. వందల ఏళ్ళకి దాన్ని తినే పురుగు వచ్చింది. ఆ పురుగుని చంపే బదనిక మాత్రం పుట్టినచోటే ఉండిపోయింది. అక్కడ ఈ పిండినల్లి ఎంత తక్కువగా ఉండేదంటే, 1970ల దాకా శాస్త్రవేత్తలు దానికో పేరు కూడా పెట్టలేదు. ఆఫ్రికాలో పడ్డాకే తెలిసింది అదేమిటో.

లంక బావ: ఆఫ్రికాలో ఏమైంది?

మెట్ట బావ: 1973 ప్రాంతంలో కాంగోలో కనబడింది. ఎవరో కర్రముక్కలు తెచ్చి ఉంటారు, వాటితో వచ్చింది. దానికి మగపురుగు అక్కర్లేదు, ఉన్నవన్నీ ఆడవే, ఒక్కోటి వందల గుడ్లు పెడుతుంది. ఏటికేడు వందల కిలోమీటర్లు పాకింది. అక్కడ కర్రపెండలం మనలాగ మిల్లుకి తోలే పంట కాదు, కోట్లమందికి రోజూ తినే తిండి. ఆకు కూడా కూర వండుకుంటారు. కొన్నిచోట్ల పదింట ఎనిమిది వంతుల పంట పోయింది. నైజీరియాలో ఇబాదన్ అనే ఊళ్ళో ఉష్ణమండల వ్యవసాయ పరిశోధన సంస్థ ఒకటుంది. అక్కడికి హాన్స్ హెరెన్ అనే స్విట్జర్లాండ్ కుర్రాడు వచ్చాడు. మందులు కొట్టడం కాదు, ఈ పురుగు పుట్టిల్లు వెతకాలన్నాడు. మొదట దక్షిణ అమెరికా ఉత్తరపు కొసలో అచ్చం ఇలాంటి పిండినల్లే దొరికింది. దాని బదనికల్ని తెచ్చి ఆఫ్రికా పిండినల్లి మీద వదిలితే ముట్టుకోలేదు. తర్వాత తెలిసింది, అది చూడ్డానికి ఒకేలా ఉన్న వేరే జాతి అని. చివరికి 1981లో, కొలంబియా పరిశోధన కేంద్రంలో పనిచేసే టోనీ బెలోటీ పరాగ్వేలో అసలు పురుగుని పట్టుకున్నాడు. దానితోపాటు దాని బదనికా దొరికింది. అనగైరస్ లోపెజీ అంటారు దాన్ని. తిన్నగా ఆఫ్రికాకి తీసుకుపోలేదు. ముందు లండన్‌లో క్వారంటైన్‌లో ఉంచి పరీక్షించారు. ఆ ఏడాది చివర్లో ఇబాదన్‌లో వదిలారు.

లంక బావ: చూశారా, అదే సాహసం అంటున్నాను. దొంగని పట్టడానికి ఇంకో దొంగని తెచ్చారు. మా మనవడు చదివి చెప్పాడు నాకు. చెరుకు పురుగుని తింటాయని 1935లో ఆస్ట్రేలియాకి పెద్ద కప్పల్ని తెచ్చారటగా? పురుగు పోలేదు, కప్పలు మాత్రం దేశం నిండా ఉన్నాయి. ఎలకల కోసం మన కలకత్తా ముంగిసల్ని 1872లో జమైకా పట్టుకెళ్ళారట. ఎలకలతో పాటు అక్కడి పిట్టల గుడ్లూ నేలమీద తిరిగే జీవాలూ పోయాయి. అప్పుడూ పెద్ద చదువులు చదివినవాళ్ళే తెచ్చి ఉంటారు.

(లంక బావ చెప్పినవి రెండూ నిజంగా జరిగినవే. జీవనియంత్రణ గురించి మాట్లాడేవాళ్ళు వీటిని దాటేసి పోకూడదు.)

మెట్ట బావ: కాదనను. కానీ ఆ కప్ప నోట్లో పట్టేదేదైనా తింటుంది, ముంగిసా అంతే. మీ క్యాట్‌ఫిష్‌దీ అదే గుణం. అన్నీ తినే జీవాన్ని తెచ్చి ఒక్కటే తినమంటే వింటుందా? ఈ బదనిక వేరు. ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు, మనిషిని కుట్టలేదు. పిండినల్లి పట్టిన కర్రపెండలం మొక్క ఒకరకం వాసన వదులుతుంది. ఆ వాసన పట్టుకుని చేలో వెతుక్కుంటూ వస్తుంది. పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలే పెరిగి దాన్ని తినేస్తుంది. నల్లి ఒళ్ళు గట్టిపడి గోధుమరంగు డొల్ల అవుతుంది, ఆ డొల్లకి కన్నం పెట్టుకుని కొత్త బదనిక బయటికొస్తుంది. మూడు వారాల లోపే ఇదంతా అయిపోతుంది. దాని పిల్ల పెరగాలంటే ఆ ఇల్లే కావాలి. కొబ్బరాకులోనో చేపలోనో అది బతకదు.

లంక బావ: పిండినల్లి అయిపోయాక? ఆకలి వేస్తే ఇంకోదాని మీద పడదా?

మెట్ట బావ: పిండినల్లి అయిపోదండీ. నల్లి తగ్గితే బదనికా తగ్గుతుంది. రెండూ కొద్దికొద్దిగా చేలో మిగిలే ఉంటాయి. మళ్ళీ నల్లి లేస్తే మళ్ళీ బదనిక లేస్తుంది. అక్షింతల పురుగులు కూడా పిండినల్లిని తింటాయి, కానీ నల్లి గుంపులుగా ఉన్నచోటే వాటికి కడుపు నిండుతుంది. అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నప్పుడు కూడా వెతికి పట్టేది బదనికే.

లంక బావ: అంటే పురుగు ఉంటూనే ఉంటుందన్నమాట! ఇదేం వైద్యం? అప్పు తెచ్చి కౌలుకి చేసేవాడు పురుగు కనబడగానే చావాలనుకుంటాడు. మీ బదనిక బలం పుంజుకునేదాకా షావుకారు ఆగుతాడా?

మెట్ట బావ: మందు కొడితే పురుగు మొత్తం చస్తుందా? పిండినల్లి ఒంటిమీద మైనపు పొర ఉంటుంది, ముడుచుకున్న ఆకుల మధ్య దాక్కుంటుంది. మందునీళ్ళు దాన్ని సరిగ్గా అంటవు. బయట తిరిగే బదనికకి మాత్రం చుక్క తగిలితే చాలు, చస్తుంది. మిగిలిన నల్లికి అడ్డులేకుండా పోతుంది. ఇది నేను పుస్తకంలోంచి చెప్పడం లేదు, మీ చెరువుగట్టు సంగతే చెబుతున్నాను. ఆ కొబ్బరిచెట్లకి సర్పిలాకార తెల్లదోమ పట్టినప్పుడు ఏం చేశారు మీరు?

లంక బావ: ఏం చేస్తాను? ఆకు కింద తెల్లగా సుళ్ళు సుళ్ళుగా బూజు, కింది ఆకులమీద నల్లటి మసి. చెట్టు చచ్చిపోతుందనుకున్నాను. మనిషిని పెట్టి మందు కొట్టించాను. నెల తిరిగేసరికి ఎప్పటిలాగే ఉంది. విసుగొచ్చి వదిలేశాను.

మెట్ట బావ: వదిలేశాక?

లంక బావ: తగ్గింది. పూర్తిగా పోలేదనుకోండి. వానలకి తగ్గిందనుకున్నాను.

మెట్ట బావ: వాన సాయమూ ఉంది. అసలు పనిచేసింది ఇంకోటి. ఈ తెల్లదోమ 2016లో తమిళనాడు పొల్లాచ్చిలో మొదట బయటపడింది, అక్కణ్ణుంచి మన గోదావరి జిల్లాల కొబ్బరికీ ఆయిల్‌పామ్‌కీ వచ్చింది. బెంగళూరులో వ్యవసాయ కీటకాల జాతీయ సంస్థ ఉంది, వాళ్ళు మొదటి నుంచీ రసాయన మందులు కొట్టొద్దన్నారు. ఎందుకంటే దీని పిల్లల్ని తినే బదనిక, ఎన్‌కార్సియా గ్వాడెలూపే, అప్పటికే మన తోటల్లో ఉంది. మందు కొట్టకపోతే అదే వెతుక్కుని వస్తుంది. అంబాజీపేట పరిశోధన స్థానం వాళ్ళు తెల్లదోమకి జబ్బు చేసే బూజు మందొకటి తయారుచేసి ఇచ్చారు. మసి వదలడానికి గంజి చల్లమన్నారు. మీరు విసుగొచ్చి చేసిన పనే వాళ్ళు చెప్పిన మొదటి పని.

లంక బావ: ఒక్క నిమిషం. ఆ బదనిక అప్పటికే మన తోటల్లో ఉందన్నారు. దేన్ని తింటూ ఉంది?

మెట్ట బావ: అంతకు ముందు, 1990ల్లో, ఇంకో సర్పిలాకార తెల్లదోమ వచ్చింది. జామకీ కర్రపెండలానికీ పట్టేది. దాన్ని తింటూ ఉంది.

లంక బావ: మరి దొరికారు బావగారూ! ఒక్కదాన్నే తింటుందన్న మాట ఏమైంది? పాతదాన్ని వదిలి కొత్తదాని మీదికి వచ్చిందిగా!

మెట్ట బావ: వచ్చింది. ఆ రెండు తెల్లదోమలూ ఒకే కుటుంబం, ఒకే ప్రాంతం నుంచి వచ్చినవి. బదనిక దగ్గరి చుట్టాన్ని ముట్టుకుంటుంది, ఊళ్ళోవాళ్ళందరినీ కాదు. ఎంత దూరం పోతుందో చూడ్డానికే క్వారంటైన్ పరీక్ష. మేలుచేసే పురుగుల మీదా మన దగ్గరుండే మిగతా పిండినల్లుల మీదా పెట్టి చూడందే బయట వదలనివ్వరు. అనగైరస్ లోపెజీని మన బెంగళూరు సంస్థ 2021లో పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ నుంచి తెప్పించింది. పరీక్షలన్నీ అయ్యాక 2022 మార్చిలో సేలం జిల్లా ఏతాపూర్ పరిశోధన కేంద్రంలో వదలడం మొదలుపెట్టారు. అంతకు ముందు బొప్పాయి పిండినల్లి కథా ఇలాగే నడిచింది. 2008లో కోయంబత్తూరులో కనబడి బొప్పాయినీ మల్బరీనీ కర్రపెండలాన్నీ తినేసింది. పట్టుపురుగు చచ్చిపోతుంది కాబట్టి మల్బరీకి మందు కొట్టే వీల్లేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి మూడు రకాల బదనికల్ని తెచ్చి వదిలారు. నెలల్లోనే పురుగు లొంగింది.

లంక బావ: పట్టుపురుగు మాట నాకు అర్థమవుతుంది. మా రొయ్యకీ అంతే. పక్క చేలో కొట్టిన మందునీళ్ళు కాలువలో పడితే రొయ్య తట్టుకోదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, కాలువలు, డ్రెయిన్లు, అన్నీ ఇక్కడికే వస్తాయి. మీరంతా పైన కొట్టింది మేం కింద తాగాలి.

మెట్ట బావ: మరి మీరు చేపకి పేను పట్టినప్పుడు చెరువులో పోసేదేమిటి? సైపర్‌మెత్రిన్. మా మందుల షాపులో పురుగులకి అమ్మేదీ అదే. ఏటేటా మోతాదు పెంచుతున్నారని మీ అబ్బాయే చెప్పాడు.

(ఇక్కడ లంక బావ కాసేపు మాట్లాడలేదు. చేపల చెరువులు చేసే ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతి ఇది. పొలంలో మందుకి పురుగు అలవాటు పడ్డట్టే చెరువులో పేనూ అలవాటు పడుతుంది.)

లంక బావ: పోస్తాం. పోయక చేప చస్తే ఎవరిస్తారు? అసలు మాట చెప్పనివ్వండి. నా అభ్యంతరం పురుగు మీద కాదు, తెచ్చేవాళ్ళ మీద. 1976 ప్రాంతంలో ప్రభుత్వమే మా లంకల్లో సొసైటీలు పెట్టించి చెరువులు తవ్వించింది. బాగుపడతారంది. 1999లో అయిదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా, అభయారణ్యం అంది. 2006లో అదే ప్రభుత్వం వచ్చి చెరువుల గట్లు పేల్చింది. సరస్సుకి అది మంచిదే కావచ్చు, నేను సరస్సుకి శత్రువుని కాను. కానీ చెప్పినవాళ్ళెవరూ తర్వాత మా గుమ్మంలోకి రాలేదు. సీసా మందయితే నేను కొన్నాను, నేను కొట్టాను. పనిచేయకపోతే షాపువాడి చొక్కా పట్టుకుంటాను. మీ బదనిక పనిచేయకపోతే ఎవరి చొక్కా పట్టుకోవాలి?

వాదనంతటిలో నాకు అన్నిటికన్నా బరువుగా తగిలిన ప్రశ్న ఇదే. పురుగుమందు కొన్నవాడి సొంతం. బదనిక ఎవరి సొంతమూ కాదు. ఒకసారి స్థిరపడితే అదే ఊరూరూ ఎగిరిపోతుంది, డబ్బు కట్టినవాడి చేలోనే ఉండమంటే ఉండదు. అందుకే దాన్ని అమ్మే కంపెనీ లేదు, గోడమీద దానికి ప్రకటన లేదు, వాయిదాల మీద ఇచ్చే డీలరూ లేడు. ఆఫ్రికాలో ఇరవైకి పైగా దేశాల్లో పిండినల్లిని అదుపులో పెట్టినందుకు హెరెన్‌కి 1995లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. అక్కడి రైతుల్లో చాలామందికి తమ చేలో ఏ పురుగు పనిచేసిందో కూడా తెలియదు. ఇలాంటి పని ప్రజల సొమ్ముతో నడిచే సంస్థలు చేయాలి, లేకపోతే ఎవరూ చేయరు. ఆ సంస్థల మీద నమ్మకం పోయినచోట అంత మంచి విరుగుడూ గుమ్మం బయటే ఆగిపోతుంది.

మెట్ట బావ: చొక్కా పట్టుకోవడానికి మనిషి ఉండాలన్నది న్యాయమే. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, పెద్దాపురంలో దాని పరిశోధన స్థానం ఉంది. వాళ్ళని అడుగుదాం. కానీ మన వైపు పనీ ఒకటుంది. నేనొక్కణ్ణే మందు ఆపి చుట్టూ పదిమంది కొడుతుంటే నా చేలోకి వచ్చిన బదనిక పక్క చేలో చస్తుంది. ఊరంతా ఒక మాట మీద ఉండాలి.

లంక బావ: ఊరు ఒక మాట మీద ఉండడం మీ మెట్టలో సాగుతుందేమో. సరే, ఇంత మంచి ఉపాయమైతే మా గుర్రపుడెక్క మీద ఎందుకు పనిచేయించరు? దాన్ని తినే పురుగులూ ఉన్నాయటగా.

మెట్ట బావ: ఉన్నాయి. నియోకెటినా అని రెండు రకాల ముక్కుపురుగులు. 1980ల మొదట్లో బెంగళూరు తెచ్చారు. మణిపూర్ లోక్‌తక్ సరస్సులో బాగా పనిచేశాయి. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు మీద 1995లో వదిలితే మూడు నాలుగేళ్ళకి ఆ పచ్చని చాపలు కూలిపోయాయి. కొల్లేరులో పని కష్టం, ఆ మాట దాచను. పైనుంచి వచ్చే ఎరువు నీళ్ళకి పురుగు తినేదానికన్నా మొక్క పెరిగేది ఎక్కువ. వరద వచ్చి డెక్కని ఉప్పుటేరులోకి తోసేస్తే పురుగూ దానితో పోతుంది. ఎరువు తగ్గకుండా పురుగొక్కటే సరస్సుని బాగుచేస్తుందని చెబితే నేను అబద్ధం చెప్పినట్టు.

లంక బావ: ఇప్పుడు నమ్మబుద్ధవుతోంది. పనిచేయని చోటు కూడా చెప్పారు కాబట్టి.

మెట్ట బావ: కర్రపెండలంలోనూ ఉంది అలాంటి చోటు. ఆఫ్రికాలో మరీ బలంలేని ఇసుక నేలల్లో బదనిక ఉన్నా పిండినల్లి ఆగలేదు. నేలమీద ఆకూ చెత్తా కప్పి సత్తువ ఇచ్చినచోట ఆగింది. చీమలు కూడా అడ్డమే. పిండినల్లి విసర్జించే తేనెబంక కోసం అవి కాపలా కాస్తూ బదనికని తరిమేస్తాయి. పైగా వానలు వెనకపట్టి ఎండ ముదిరినప్పుడే నల్లి లేస్తుంది. ఇవన్నీ చూసుకోవాలి. మందు పూర్తిగా వద్దని కూడా నేననడం లేదు. నాటే ముందు కర్రముక్కల్ని మందునీళ్ళలో ముంచితే తొలినాళ్ళలో మొక్కకి కాపుదల ఉంటుంది, పైన ఎగిరే బదనికకి దెబ్బ తగలదు. థాయిలాండ్ వాళ్ళకి 2008లో ఇదే పురుగు వచ్చింది. వాళ్ళు ముక్కలు ముంచడమూ బదనికని వదలడమూ రెండూ చేశారు. కర్రపెండలం ఎగుమతిలో ప్రపంచంలో మొదటి దేశం వాళ్ళదే, పంట పోతే వాళ్ళకెంత నష్టమో ఆలోచించండి.

లంక బావ: ఒకటి ఒప్పుకుంటాను. 2020 డిసెంబరులో మా ఏలూరులో వందలమంది నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే మూర్ఛలొచ్చి పడిపోయారు. పెద్ద పెద్ద సంస్థలన్నీ వచ్చాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చన్నారు, అవి ఒంట్లోకి ఎలా చేరాయో తేల్చలేదు. ఆ రోజుల్లో మంచినీళ్ళు తాగాలంటే భయం, కూరగాయలు కొనాలంటే భయం. అది చూసినవాణ్ణి సీసాని వెనకేసుకు రాలేను. కానీ బదనికని తెచ్చేవాళ్ళు మా ఊరొచ్చి, ఇది ఫలానాది, దేన్ని తింటుంది, దేన్ని తినదు, ఏ పరీక్ష చేశాం అని తెలుగులో రాసి పంచాయతీ గోడకి అంటించాలి. రెండేళ్ళు, మూడేళ్ళు మళ్ళీ వచ్చి చూడాలి. అది జరగనంత కాలం నా అనుమానం నాకుంటుంది.

మెట్ట బావ: అనుమానం ఉంచుకోండి. మందు కొట్టడం మాత్రం ఆపండి.

వాళ్ళిద్దరూ అక్కడ ఆగారు, ఏకీభవించలేదు. నా తీర్పు నేను చెబుతాను. పురుగు విషయంలో మెట్ట బావదే నిజం. ఒక జీవాన్నీ, మహా అయితే దాని దగ్గరి చుట్టాలనీ ఆశ్రయించి బతికే బదనికకీ, అన్నీ తినే క్యాట్‌ఫిష్‌కీ పోలిక లేదు. ఆఫ్రికా, థాయిలాండ్, తమిళనాడు అనుభవాలు చాలు దీనికి. అయితే లంక బావ అడిగిన గోడమీది కాగితం, మళ్ళీ మళ్ళీ వచ్చి చూసే మనిషి, ఇవి లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. ప్రభుత్వ సంస్థలు ఆ కాగితాన్ని ఖర్చుగా కాదు, పనిలో భాగంగా చూడాలి. మరో సంగతి, ఉత్సాహం కొద్దీ ఎవరూ సొంతంగా పురుగుల్ని మోసుకురాకూడదు. క్వారంటైన్ దాటని బదనికకీ చెరువులో దొంగచాటుగా వేసిన క్యాట్‌ఫిష్‌కీ తేడా ఉండదు.

కర్రపెండలం వేసే రైతులకి నా మనవి. నాటే కర్రని సేలం వైపు నుంచి, కేరళ నుంచి తెచ్చుకోవద్దు. పిండినల్లి దూరాలు ప్రయాణించేది ఆ కర్రమీదే. చేలో ఎక్కడైనా కొస ముడుచుకుని గుత్తిలా కనబడితే ఆ కొస తుంచి కాల్చేయండి, ఒక ఫొటో తీసి పెద్దాపురం పరిశోధన స్థానానికి గానీ వెంకటరామన్నగూడెం విశ్వవిద్యాలయానికి గానీ చూపించండి. వాళ్ళు వచ్చి చూసి చెప్పేదాకా స్ప్రేయరు భుజాన వేసుకోకండి, పక్క చేను రైతుకీ అదే చెప్పండి.